చాంద్ సోడా గోడ

గోడకు ఫొటో తీయమని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషైతే కూర్చోమంటే కూర్చుంటాడు, కదలొద్దంటే కదలడు, బాగా రాలేదంటే గొణుక్కుంటూనైనా మళ్లీ వస్తాడు. గోడ అట్లా కాదు. దానికొక యజమాని ఉంటాడు, ఆ యజమానికొక పెళ్లాం ఉంటుంది, వాళ్లిద్దరికీ గోడ గురించి సొంత ఆలోచనలుంటాయి. వీళ్లందరినీ దాటుకుని నేను కెమెరా నిలబెట్టేసరికి అక్కడ తీయడానికి ఏమీ మిగలదు.

నన్ను ఈ గోడల పాలు చేసింది ఫాతిమున్నీసా. యాభై అయిదులో ఎన్నికలు అయిపోయిన పదిహేను రోజులకు, ఉగాది ముందర, ఒక కాగితం పట్టుకుని ఆదోనిలో మా స్టూడియో మెట్లెక్కింది. ఊళ్లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. గోలీసోడా తాగిన ప్రతివాడూ ఆమె కడిగిన సీసాలో తాగినవాడే. భర్త అబ్దుల్ గనీ పోయి మూడేళ్లయినా చాంద్ సోడా ఒక్కపూట ఆగలేదు. మిషను తనే తిప్పేది, సీసాలు తనే కడిగేది, అప్పుడప్పుడు బండి కూడా తనే తోసేది.

ఆమె ఉర్దూ చదువుతుంది, తెలుగు అక్షరాలు రావు. కాగితం నాతో చదివించుకుంది. బళ్లారిలో ఒక సోడా కంపెనీ వాళ్లు పంపిన నోటీసు అది. చాంద్ అనే పేరు మా నాయన కాలం నుంచీ మాది, నెలలోపల మీరు మానుకోకపోతే కోర్టుకు ఈడుస్తాం అని దాని సారాంశం. ఆమె వకీలు అప్పటికే వాళ్లను విచారించాడట. వాళ్ల దగ్గర ముప్పై అయిదో సంవత్సరం నాటి రసీదు ఒకటి ఉంది. అంతకంటే పాత ఆధారం చూపిస్తే పేరు మీదే, లేకపోతే వాళ్లదే అన్నాడట. అబ్దుల్ గనీ పెట్టెలో దాచిన కాగితాలన్నీ చెదలు తినేశాయి. మిగిలినవి గోడలే. వెనకటి రోజుల్లో అతను ఊరూరా గోడల మీద సోడాసీసా బొమ్మలు రాయించాడు, కింద సంవత్సరం కూడా వేయించేవాడు. వాటిని ఫొటో తీయించమని వకీలే చెప్పాడట, ఆ పని చేసిపెట్టమని ఆమె నన్ను అడిగింది.

నేను ఊరుకోలేక ఒక సలహా ఇచ్చాను. పేరు మార్చుకో తల్లీ, పేరు మారితే సోడాలో గ్యాసేమైనా తగ్గుతుందా అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడు పెట్టిన పేరు అది, అన్నా. ముప్పై నాలుగులో. నీ సందమామ మొగం సూసే చాంద్ అని పెట్టినా అని ఆయనే సెప్పినాడు. నా పేరు నేను ఎవురికియ్యాల?" అంది. గోడ మీద ముప్పై నాలుగు అనే ఉంటుంది, చూసుకో అని కూడా అంది.

సరేనన్నాను. అప్పుడే నోరు మూసుకుని పంపించేసి ఉంటే నా బతుకు హాయిగా ఉండేది.

మొదటి గోడ రైల్వే స్టేషను దారిలో పాత జిన్నింగు మిల్లు ప్రహరీ. కెమెరా, దాని మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, గాజు ప్లేట్ల పెట్టె, అన్నీ జట్కాలో వేసుకుని వెళ్లాను. తీరా చూస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా సున్నం, దాని మీద మూరెడు మూరెడు నీలం అక్షరాలతో ఓటు వేయమని రాత. ఎన్నికలు అయిపోయాయి, గెలిచినవాడు గెలిచాడు, ఓడినవాడు ఇంట్లో పడుకున్నాడు, గోడకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. కాపలావాడు తిమ్మప్ప నేను అభ్యర్థి పేరు ఫొటో తీయడానికి వచ్చాననుకుని, తలగుడ్డ సర్దుకుని పక్కన వచ్చి నిలబడ్డాడు. తీసేదాకా కదలనన్నాడు. జట్కావాడేమో ఎండలో గుర్రం చచ్చిపోతుందని గోల. నేను పళ్లు నూరుకుంటూ వెనక్కి వచ్చాను.

రెండోది బజారులో ఒక పాత మేడ పైగోడ. అక్కడ బొమ్మ ఉంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలాగా ఉంది గాని, ఉంది. సీసా, సీసా మెడలో గోలీ, పక్కన చాంద్ సోడా అని రాత. అయితే అది ఎత్తున ఉంది కాబట్టి ఎదురింటి మిద్దె ఎక్కితే తప్ప ఫొటోకు అందదు. ఎదురింటాయన శెనక్కాయల వ్యాపారి. మొదటిరోజు మిద్దె మీద ఆడవాళ్లు వడియాలు పెడుతున్నారు, రేపు రమ్మన్నాడు. రెండోరోజు మిద్దె ఖాళీగానే ఉంది గాని, ఆయన భోంచేసి తాళంచెవి ఇచ్చేసరికి ఎండ గోడ వెనక్కి తిరిగిపోయింది. మూడోరోజు తెల్లారేసరికి వెళ్లి ఆయన వాకిట్లో కూర్చున్నాను. ఫొటో అద్దంలాగా వచ్చింది. కానీ సంవత్సరం ఉండాల్సిన చోట, సరిగ్గా ఆ జానెడు జాగాలోనే, వాననీళ్ల గొట్టం బిగించి ఉంది.

వకీలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పాతికేళ్ల కింద రాసిందో మొన్న రాసిందో జడ్జీగారికి ఎట్లా తెలుస్తుందప్పా అన్నాడు. ఫొటోలు తీయించమన్నది తనే, తీరా తీస్తే తప్పు పట్టేది తనే. నెల గడువులో అప్పటికి పద్దెనిమిది రోజులు అయిపోయాయి. ఫాతిమున్నీసా మాత్రం కోప్పడలేదు. బాగా ఆలోచించి, ఎమ్మిగనూరులో సిద్దప్ప అనే నేతగాడి ఇంటి పక్కగోడకు ఒక బొమ్మ ఉండాలి, సంతకు పోయే దారిలో తను దూరం నుంచి చూసింది, అది చివరిది అని చెప్పింది.

ఇక్కడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. సిద్దప్ప వీధిలోనే ఉండే మనిషి ఒకడు నూలు కోసం ఆదోని వస్తే, వాడితో కబురు పంపాను. నా పేరు చెప్పి, గురువారం దేవేంద్రప్ప వచ్చి మీ గోడను ఫొటో తీస్తాడు అని సిద్దప్పకు చెప్పు అన్నాను. అంతే చెప్పాను. మా వైపు జనానికి ఫొటో అంటే ఏమిటో ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న నాకు తెలియదా? జన్మకొకసారి వచ్చే ముచ్చట అది. ఫొటో అనగానే తలంటి పోసుకుంటారు, చొక్కా లేకపోతే పక్కింట్లో ఎరువు తెచ్చుకుంటారు, పసిబిడ్డ మొహానికి కూడా పౌడరు మెత్తుతారు. అన్నీ తెలిసి గోడ సంగతి మరిచాను.

గురువారం ఎమ్మిగనూరు మీదుగా నందవరం పోయే బస్సెక్కాను. స్టాండును బస్సు పైన కట్టించి, ప్లేట్ల పెట్టెను చంటిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న ఆమె ఎండుమిరపకాయల గంప నా మోకాళ్లకు ఆనించింది. ఎమ్మిగనూరు చేరేదాకా తుమ్ముతూనే ఉన్నాను.

సిద్దప్ప ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. సిద్దప్ప కొత్త పంచెలో ఉన్నాడు. అతని భార్య ఈరమ్మ తలలో కనకాంబరాలు. నన్ను చూడగానే ఇద్దరూ చెరోవైపు చెయ్యి పట్టుకుని పక్కసందులోకి తీసుకుపోయారు. గోడ ఎండలో కళ్లు చెదిరేట్టు తెల్లగా ఉంది. కింద మూరెడు ఎత్తున ఎర్రమన్ను అంచు కూడా దిద్దారు.

సిద్దప్ప చావు కబురు చల్లగా చెప్పాడు. "రెండు దినాలు పట్టిందప్పా. పదిహేనేండ్లుగా కింద కొడతాండే పిడకలన్నీ పీకేసి, కడిగి, సున్నం కొట్టినాము. పాత రాతలుంటే ఫొటోలో బాగుండదు గదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సందులో నేను అన్న మాటలు కాగితం మీద పెట్టేవి కావు. నీకు బుద్ధుందా అన్నాను, నేనొచ్చింది ఆ పాత రాత కోసమే అన్నాను, ఒక ఆడమనిషి బతుకు మీద సున్నం కొట్టావన్నాను. సిద్దప్ప మొహం పాలిపోయి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. చూడటానికి వచ్చిన జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఈరమ్మ మాత్రం జంకలేదు.

"మా పెండ్లికి గూడ ఫొటో ల్యాకపాయ, అన్నా. మొదటిసారి మా ఇంటికి ఫొటో వస్తాందంటే మురికిగోడ సూపిస్తామా?" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? అది తెలిసేసరికి నాకు కోపం ఇంకా ఎక్కువైంది. పోయి అరుగు మీద కూలబడ్డాను. ఆ ఎండలో, ఆ గోడ ముందర, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఈరమ్మ కనకాంబరాలు తీసి గూట్లో పెట్టి, చెంగు దోపుకుని, బిందె ఎత్తుకొచ్చింది. సున్నం కడిగేస్తే పోతుందనుకుంది. బిందెడు నీళ్లు గోడ మీద గుమ్మరించింది. సున్నం పోలేదు. కానీ తడిసిన మేర తెలుపు పలచబడింది. పలచబడిన తెలుపు కింద నుంచి సీసా మెడ కనిపించింది, గోలీ కనిపించింది, 'చాంద్' లో సగం కనిపించింది. నేను ఎగిరి గంతేసి కెమెరా దగ్గరికి పరిగెత్తాను. నల్లగుడ్డలో తల దూర్చి, అద్దంలో తలకిందులుగా కనిపించే బొమ్మను సరిచేసుకుని, ప్లేటు దూర్చి బయటికి వచ్చేసరికి గోడ ఆరిపోయి మళ్లీ తెల్లగా నన్ను వెక్కిరిస్తోంది.

ఆ తర్వాత రెండు గంటలు మేము పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒకవైపు తడిపితే ఇంకోవైపు ఆరుతుంది. రెండువైపులా తడిస్తే ఎండ తళతళ మెరిసి అక్షరాలు కనబడవు. ఒక ప్లేటు సిద్దప్ప బిందెతో అడ్డం రావడం వల్ల పోయింది. ఇంకొకటి నా మోకాలు స్టాండుకు తగిలి పోయింది. ఇంట్లో నీళ్లు అయిపోయాయి. ఎండాకాలం ముందర ఆ వీధికి ఒక్క చేదబావే దిక్కు, అది కూడా రెండు వీధుల అవతల. నేను తిట్టిన మనుషులే, అటూ ఇటూ ఇళ్లవాళ్లను కూడా పిలుచుకుని, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు బిందెలతో మోసుకొచ్చారు. మబ్బుతునక ఒకటి సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు, సిద్దప్ప, ఈరమ్మ, ఇంకో నలుగురు ఒక్కసారిగా నీళ్లు కొట్టి పక్కకు తప్పుకున్నారు. నేను గుడ్డలోంచి చూశాను. సీసా, పేరు, దాని కింద 1931.

ముప్పై నాలుగు కూడా కాదు, ముప్పై ఒకటి. వాళ్ల రసీదు కంటే నాలుగేళ్లు ముందు. దానికింద, పిడకలు ఉండిన జాగాలో, ఇంకేవో రెండు వరుసలు తలకిందులుగా కనబడ్డాయి. వాటిని చదివే తీరిక నాకెక్కడిది? వరసగా రెండు ప్లేట్లు తీసేశాను. మిగిలిన ఒక్క ప్లేటు మీద, సిగ్గేసి, సిద్దప్పనూ ఈరమ్మనూ తీశాను. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. ఆమె ఆ కనకాంబరాలు మళ్లీ పెట్టుకుని వచ్చింది.

మరుసటి రోజు పొద్దున చీకటిగదిలో ప్లేట్లు కడిగి, కాగితం మీద అచ్చు తీసి, వెలుతురులోకి తెచ్చి చదివాను. చాంద్ సోడా. 1931. ప్రొప్రయిటరు బి. హనుమంతరావు, బళ్లారి. దాని కింద చిన్న అక్షరాలతో, ఆదోని ఏజెంటు అబ్దుల్ గనీ.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. నోటీసు పంపినవాడి ఇంటిపేరు, తండ్రి పేరు ఆ కాగితంలోనే చదివాను. ఆ తండ్రే ఈ హనుమంతరావు. అబ్దుల్ గనీ ఆయన సోడా అమ్మిపెట్టినవాడు. ఎప్పుడో బళ్లారివాళ్లు ఇటువైపు రావడం మానుకుని ఉంటారు, ఇతను సొంత మిషను పెట్టుకుని పేరు ఉంచేసుకుని ఉంటాడు. సిద్దప్ప గోడ జోలికి పోకుండా ఉండి ఉంటే, ఆ రెండు వరుసలూ పిడకల కింద అట్లాగే పడి ఉండేవి. నా ఫొటోలో పేరూ సంవత్సరమూ మాత్రమే ఉండేవి. కేసు ఆమె గెలిచేది. నేను పంపిన కబురు, వాళ్లు చేసిన మర్యాద, మేమందరం కలిసి ఒలకబోసిన నీళ్లు, అన్నీ చేరి బళ్లారివాడి పని చేసిపెట్టాయి.

పొయ్యి దగ్గర నుంచి నా భార్య సావిత్రమ్మ ఏమిటా గొణుగుడు అని అడిగితే చెప్పాను. ఆమె పెద్దగా ఆలోచించలేదు. చనిపోయినవాళ్ల ఫొటోలకు కళ్లు తెరిచి దిద్దిన చేతికి, కింద రెండు వరుసలు కత్తిరించడం ఒక లెక్కా అంది. నిజమే. అది నా వృత్తి. మచ్చలు తీస్తాను, మెల్లకన్ను సరిచేస్తాను, ముసలివాళ్లకు ముడతలు తగ్గిస్తాను. ఇంకో అచ్చు తీసి, సంవత్సరం కింద స్కేలు పెట్టి కత్తిరించాను. పొట్టి ఫొటో చక్కగా కవర్లో పెట్టాను. కత్తిరించని నిలువుది చించబోయి, ఎందుకో చెయ్యి రాక, అదీ సంచీలోనే వేసుకున్నాను.

మధ్యాహ్నం వెళ్లేసరికి ఫాతిమున్నీసా పెరట్లో తొట్టి ముందర కూర్చుని సీసాలు కడుగుతోంది. చేతులు పైటకొంగుకు తుడుచుకుని పొట్టి ఫొటో అందుకుంది. గెలిచావమ్మా అన్నాను. ఇంత పాతది వాళ్ల తాతలు దిగివచ్చినా చూపించలేరన్నాను. బొమ్మ చూసి ఆమె మొహం వెలిగింది. సీసా మీద వేలు పెట్టింది, పేరు మీద వేలు పెట్టింది. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. వేలు అంకెల దగ్గర ఆగింది.

"ముప్పై ఒకటా?" అంది.

నేను ఉత్సాహంగా తల ఊపాను. ఇంకా పాతది, ఇంకా మంచిది అన్నాను. ఆమె వేలు ఆ అంకెల మీంచి తీయలేదు. అప్పటికి గాని నా మొద్దు బుర్రకు వెలగలేదు. కింది వరుసలు దాచాలనే తొందరలో ఆ అంకెల సంగతే నేను ఆలోచించలేదు. ఆమె కోడలుగా వచ్చింది ముప్పై నాలుగులో.

ఆమె ఫొటోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. అన్ని ఫొటోలూ నిలువుగా ఇస్తావు, ఇదెందుకు పొట్టిగా ఉంది అని అడిగింది. కాగితం తక్కువ పడిందన్నాను. ఆమె చెయ్యి చాపి నా సంచీ వైపు చూసింది. నాకు కోపమొస్తే కేకలేయడం వచ్చు గాని, ఎదురుగా ఉన్న మనిషి కళ్లల్లోకి చూస్తూ అబద్ధం చెప్పడం రాదు. నిలువుది తీసి ఇచ్చాను. చదవమంది. చదివాను. అబ్దుల్ గనీ పేరు దగ్గర ఏజెంటు అనే మాట నోట్లో నమిలేయబోతే, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"నా మొగం సూడకముందే మూడేండ్లు అమ్మినాడు ఆ పేరుతో," అంది ఆమె నెమ్మదిగా. "నేను ఆ ఒక్క మాట పట్టుకోని ఇన్నేండ్లు ఈ తొట్టి కాడ కూసున్నా, అన్నా."

నేను బతిమాలాను. జరిగిందేదో జరిగింది, పొట్టి ఫొటో వకీలుకు ఇద్దాం, ఇరవై ఏళ్లు చాకిరీ చేసింది నువ్వు, పేరు నిలబెట్టింది నువ్వు, ఆ బళ్లారివాడు ఒక్క సీసా అయినా కడిగాడా అన్నాను. గొంతు పెంచాను కూడా. నా పరుగులన్నీ, ఆ వీధి జనం తాగేనీళ్లన్నీ బూడిదలో పోసిన పన్నీరు కావాలా అన్నాను. ఆమె అన్నీ విన్నది. నోటీసుకు ఒప్పుకుంటున్నామని వకీలుకు చెప్పమంది. సోడాకు పేరు లేకపోయినా దాహం తీరుతుందని నువ్వే కదా అన్నావు అంది. నేనట్లా అనలేదు, కానీ అప్పుడు వాదించే ఓపిక లేదు.

నిలువు ఫొటో తన దగ్గరే ఉంచుకుంది. పొట్టిదాన్ని ఇంకోసారి చూసి, తడిచేతి వేళ్ల గుర్తులు దాని మీద పడకుండా అంచులు పట్టుకుని, నాకు తిరిగి ఇచ్చింది.

"ఇది నాకొద్దులే, అన్నా. అచ్చం ఆయన మాదిరే ఉండాది. సగం సెప్పి ఊరుకుంటాది."